చిన్న కెమెరా, పొడవాటి కక్ష్య

2014 సెప్టెంబరు 28న భారత నౌక మంగళయాన్ అంగారకుడికి 74,500 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి అది పంపిన ఫొటోలో గ్రహం బింబం మొత్తం ఒకే చట్రంలో ఇమిడిపోయింది. ఇటుక రంగు నేల, నల్లని మచ్చల్లాంటి ప్రాంతాలు, ఉత్తరార్ధంలో లేచిన దుమ్ము తుపాను, అన్నీ ఒక్క చూపులో అందాయి. ఆ ఫొటో తీసిన మార్స్ కలర్ కెమెరా బరువు 1.27 కిలోలు. అదే గ్రహం చుట్టూ తిరుగుతున్న అమెరికా నౌక మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్‌లో హైరైజ్ అనే కెమెరా ఉంది. దాని బరువు దాదాపు 65 కిలోలు. నేల మీద మీటరు వెడల్పున్న బండను కూడా అది గుర్తుపట్టగలదు. కానీ సుమారు 300 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతుంది కనుక గ్రహం మొత్తాన్ని ఒక్క ఫొటోలో చూపలేదు. పెద్ద కెమెరాకు దొరకని దృశ్యం చిన్న కెమెరాకు దొరకడానికి కారణం లెన్స్ కాదు, నౌక తిరిగిన కక్ష్య. గ్రహాలనూ వాటి చందమామలనూ ఫొటో తీసే పనిలో ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో ముందుగా తేల్చేది కక్ష్యే. మంగళయాన్ కక్ష్య అలా పొడవుగా సాగిపోవడానికి కారణాలు నెల్లూరు తీరంలోనే మొదలవుతాయి.

శ్రీహరికోట, పీఎస్ఎల్‌వీ

ఒక పక్క పులికాట్ సరస్సు, మరో పక్క బంగాళాఖాతం, నడుమ సన్నగా సాగిన దీవి శ్రీహరికోట. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డు దాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇక్కడి అంతరిక్ష కేంద్రాన్ని ఇప్పటికీ షార్ అనే పిలుస్తారు. 2002లో దానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. దశాబ్దాలపాటు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

ఈ చోటును 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాకెట్ నుంచి విడిపోయే దశలు జనావాసాల మీద పడవు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న శ్రీహరికోట నుంచి తూర్పు దిశగా వెళ్లే రాకెట్‌కు ఆ తిరుగుడు వల్ల సెకనుకు 450 మీటర్ల వేగం ఖర్చు లేకుండా కలిసొస్తుంది.

2013 నవంబరు 5 మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు పీఎస్ఎల్‌వీ సి-25 రాకెట్ 1,337 కిలోల మంగళయాన్‌ను తీసుకుని బయలుదేరింది. ఆ బరువులో దాదాపు 850 కిలోలు ఇంధనమే. పీఎస్ఎల్‌వీ కంటే బలమైన జీఎస్ఎల్‌వీ రాకెట్ స్వదేశీ క్రయోజెనిక్ ఇంజన్‌తో విజయం సాధించింది మరో రెండు నెలలకు, 2014 జనవరిలో. కాబట్టి అప్పటికి భారత అంతరిక్ష సంస్థ ఇస్రో నమ్మకంగా వాడగలిగింది పీఎస్ఎల్‌వీనే. ఆ రాకెట్‌కు నౌకను నేరుగా అంగారకుడి వైపు విసిరే శక్తి లేదు. భూమి చుట్టూ 248 కిలోమీటర్ల నుంచి 23,550 కిలోమీటర్ల వరకు సాగే కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలింది. అక్కడి నుంచి నౌక తన ఇంజన్‌నే పలుమార్లు మండించుకుంటూ కక్ష్యను సుమారు 1,92,000 కిలోమీటర్ల దాకా సాగదీసుకుంది. డిసెంబరు 1న భూమిని విడిచి అంగారకుడి దారి పట్టింది.

బ్రేకు వేసినంత మేరకే కక్ష్య

గ్రహం దగ్గరికి చేరడంతో పని అయిపోదు. వచ్చిన వేగంతోనే ముందుకు పోతే నౌక గ్రహాన్ని దాటి వెళ్లిపోతుంది. ఆగాలంటే ప్రయాణ దిశకు ఎదురుగా ఇంజన్ మండించి వేగం తగ్గించుకోవాలి. దాదాపు 300 రోజులు నిద్రలో ఉన్న ప్రధాన ఇంజన్‌ను 2014 సెప్టెంబరు 22న సుమారు 4 సెకన్లపాటు మండించి పరీక్షించారు. సెప్టెంబరు 24 ఉదయం అది సుమారు 23 నిమిషాలు మండి, 249.5 కిలోల ఇంధనం ఖర్చు చేసి, నౌక వేగాన్ని సెకనుకు 1,099 మీటర్ల మేర తగ్గించింది. భూమి నుంచి అక్కడికి సంకేతం చేరడానికి పన్నెండున్నర నిమిషాలు పట్టే దూరం అది. కనుక ఇంజన్ మండించడం, ఆపడం అన్నీ ముందే ఎక్కించిన ఆదేశాల ప్రకారం నౌక సొంతంగానే చేసుకుంది.

ఈ బ్రేకుతో మంగళయాన్ అంగారకుడి ఆకర్షణకు చిక్కింది. అయితే గ్రహానికి దగ్గరగా, గుండ్రంగా తిరిగే కక్ష్యలోకి దిగాలంటే ఇంకా చాలా ఇంధనం కావాలి. అది నౌకలో లేదు. అందువల్ల గ్రహం ఉపరితలానికి 421.7 కిలోమీటర్ల దగ్గరికి వచ్చి, తిరిగి 76,993.6 కిలోమీటర్ల దూరం పోయే కక్ష్యలో స్థిరపడింది. ఒక చుట్టుకు 72 గంటల 51 నిమిషాలు పట్టేది.

ఇలాంటి కక్ష్యలో వేగం ఒకే తీరుగా ఉండదు. గ్రహానికి దగ్గరైనప్పుడు నౌక సెకనుకు 4.6 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. దూరపు కొసకు చేరేసరికి ఆ వేగం సెకనుకు 220 మీటర్లకు పడిపోతుంది. లెక్క వేస్తే మూడు రోజుల చుట్టులో 10,000 కిలోమీటర్ల లోపు ఎత్తున ఉండేది మూడు గంటల కన్నా తక్కువే. మిగిలిన సమయమంతా దూరంలోనే. నేలను నిశితంగా చూడాలనుకునేవారికి ఇది లోపం. గ్రహాన్ని మొత్తంగా చూడాలన్నా, దాని చందమామలను వెతకాలన్నా ఇంతకు మించిన చోటు లేదు.

కెమెరా లోపల

మార్స్ కలర్ కెమెరాను అహ్మదాబాద్‌లోని ఇస్రో సంస్థ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ తయారు చేసింది. దాని లెన్స్ నాభ్యంతరం 105 మిల్లీమీటర్లు, అంటే ఫొటోగ్రాఫర్లు మనుషుల ముఖాల ఫొటోలు తీయడానికి వాడే లెన్స్ పాటిది. లెన్స్ వెనుక అడ్డంగా 2,048, నిలువుగా 2,048 పిక్సెళ్లున్న సెన్సర్ ఉంది. మొత్తం 40 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. నేటి సెల్‌ఫోన్ కెమెరాలలో ఇంతకన్నా ఎక్కువే ఉంటాయి.

సెన్సర్ రంగును నేరుగా గుర్తించలేదు, వెలుగు ఎంతో మాత్రమే కొలుస్తుంది. అందుకని పిక్సెళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలను గళ్లుగా పరుస్తారు. ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. పక్క పక్క గళ్ల కొలతలను కలిపి కంప్యూటర్ ప్రతి చుక్క రంగునూ లెక్కగడుతుంది. ఒకే క్లిక్‌తో రంగుల ఫొటో రావడం ఇందులో సౌలభ్యం.

ఒక్కో పిక్సెల్‌లో ఎంత ప్రదేశం పడుతుందనేది దూరాన్ని బట్టి మారుతుంది. ఈ కెమెరాకు లెక్క సులువు. వెయ్యి కిలోమీటర్ల దూరానికి పిక్సెల్‌కు దాదాపు 52 మీటర్లు. నౌక 420 కిలోమీటర్ల ఎత్తున ఉంటే సుమారు 22 మీటర్లు, 77,000 కిలోమీటర్ల కొసన ఉంటే 4 కిలోమీటర్లు. కెమెరా ఒకసారి చూడగలిగే కోణం ఆరు డిగ్రీల పైన. దూరపు కొస నుంచి అంగారకుడి బింబం ఐదు డిగ్రీల లోపే కనిపిస్తుంది. అందుకే గ్రహం మొత్తం చట్రంలో పట్టి, చుట్టూ కాస్త చీకటి కూడా మిగులుతుంది. దగ్గరికి వచ్చినప్పుడు అదే కెమెరాకు 40 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న నేల ముక్క మాత్రమే దక్కుతుంది.

తీసిన ఫొటోలను నౌక తన 2.2 మీటర్ల యాంటెన్నాతో భూమికి పంపేది. బెంగళూరు దగ్గర బైలాలులో ఉన్న 32 మీటర్ల డిష్ ఆ బలహీన సంకేతాలను అందుకునేది. రెండు గ్రహాల మధ్య దూరం మారే కొద్దీ సంకేతం రావడానికి మూడు నిమిషాల నుంచి ఇరవై రెండు నిమిషాల దాకా పడుతుంది.

తొలి ఫొటోలో ఆంధ్ర తీరం

ఈ కెమెరా తొలి ఫొటో అంగారకుడిది కాదు. నౌక ఇంకా భూమి చుట్టూ తిరుగుతూ కక్ష్య పెంచుకుంటున్న 2013 నవంబరు 19న మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు, సుమారు 68,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి భూమిని తీసింది. పిక్సెల్‌కు మూడున్నర కిలోమీటర్ల చొప్పున భారత ఉపఖండం అందులో కనిపించింది. బంగాళాఖాతంలో అప్పుడే బలపడుతున్న వాయుగుండం మేఘాలు కూడా పడ్డాయి. దానికి తర్వాత హెలెన్ తుపాను అని పేరు పెట్టారు. నవంబరు 22న అది మచిలీపట్నం దగ్గర తీరం దాటింది.

ఈ ఫొటో ముచ్చటకు తీసింది కాదు. భూమి మీద సముద్రం, ఎడారి, మేఘం ఎంత వెలుగును ఏ రంగులో వెనక్కు పంపుతాయో శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. కెమెరా చూపిన రంగులను వాటితో సరిపోల్చి దాని కొలతలను సరిచూసుకున్నారు. అంగారకుడి దగ్గరికి చేరాక ఇలా సరిచూసుకోవడానికి తెలిసిన నేల ఉండదు.

ఎర్ర నేల, లోయలు, దుమ్ము

అంగారకుడి తొలి ఫొటోలు 2014 సెప్టెంబరు 25న విడుదలయ్యాయి. వాటిలో ఒకటి 7,300 కిలోమీటర్ల ఎత్తు నుంచి, పిక్సెల్‌కు 376 మీటర్ల చొప్పున తీసింది. ఉల్కలు పడి ఏర్పడిన గుంటలు అందులో స్పష్టంగా కనిపించాయి. అంగారకుడి ఎరుపుకు కారణం నేలమీది ధూళిలోని ఇనుప తుప్పు. గాలి ఆ ధూళిని ఊడ్చేసిన చోట అడుగునున్న నల్లని అగ్నిశిల బయటపడుతుంది. ధ్రువాల మంచు, ఎత్తైన పర్వతాల మీది మేఘాలు తెల్లగా కనిపిస్తాయి. నలుపు తెలుపు ఫొటోలో ఒకేలా కనిపించే మేఘం, మంచు, ధూళి రంగుల ఫొటోలో విడివిడిగా తెలుస్తాయి.

2015 జులై 19న 1,857 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసిన ఓఫిర్ కాస్మా ఫొటో ఈ కెమెరాకు పేరు తెచ్చినవాటిలో ఒకటి. అంగారకుడి మీద 4,000 కిలోమీటర్ల పొడవున చీలి ఉన్న వాలెస్ మెరినెరిస్ లోయల వరుసలో అదొక భాగం. పిక్సెల్‌కు 96 మీటర్ల స్పష్టతతో లోయ గోడలు, వాటి మీది పొరలు, అడుగున జారిపడిన మట్టి కుప్పలు కనిపిస్తాయి. వేర్వేరు కోణాల నుంచి తీసిన ఫొటోలను జతచేసి త్రిమితీయ చిత్రాలూ తయారుచేశారు.

ఈ లోయల ఫొటోలు వాతావరణ అధ్యయనానికీ పనికొచ్చాయి. లోయ అడుగుకు, అంచుకు మధ్య కిలోమీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. అడుగు మీద గాలి పొర మందం ఎక్కువ, అందులో తేలే ధూళీ ఎక్కువ. అందువల్ల అడుగు ప్రాంతం ఫొటోలో కాస్త మసగ్గా వస్తుంది. ఆ మసక ఎత్తుతోపాటు ఎలా తగ్గుతోందో కొలిచి, గాలిలో ధూళి ఎంత ఉందో, ఎంత ఎత్తు వరకు పరుచుకుందో అహ్మదాబాద్ శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

ఫోబోస్, డీమోస్

అంగారకుడికి చందమామలు రెండు. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఆసఫ్ హాల్ 1877 ఆగస్టులో రెంటినీ కొద్ది రోజుల తేడాతో కనుగొన్నాడు. రెండూ చిన్నవే, గుండ్రంగా కూడా ఉండవు. ఫోబోస్ పొడవు 27 కిలోమీటర్లు, డీమోస్ పొడవు 15 కిలోమీటర్లు.

ఫోబోస్ గ్రహం ఉపరితలానికి సుమారు 6,000 కిలోమీటర్ల ఎత్తున, 7 గంటల 39 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. అంగారకుడు తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయంలో ఇది మూడో వంతు కన్నా తక్కువ. అందువల్ల అంగారకుడి నేల మీద నిలబడి చూస్తే ఫోబోస్ పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. 2014 అక్టోబరులో మంగళయాన్ దూరం నుంచి వరుసగా తీసిన ఫొటోల్లో ఫోబోస్ గ్రహ బింబం మీదుగా పడమటి నుంచి తూర్పుకు జరుగుతూ చిన్న నల్లని చుక్కలా కనిపించింది. తన మీద పడిన వెలుగులో నూటికి ఏడు పాళ్లే వెనక్కు పంపే రాతిగుట్ట అది. వెలుగుతున్న గ్రహం ముందు నల్లగా కనిపించడానికి కారణం అదే.

ఇలాంటి మసక వస్తువును దగ్గరగా తీయాలంటే నౌక ఫోబోస్ కక్ష్యను దాటే సమయానికి ఫోబోస్ కూడా అటుపక్కే ఉండాలి, ఎండ సరైన వైపు నుంచి పడాలి. అటువంటి అవకాశం 2020 జులై 1న వచ్చింది. అప్పుడు నౌక అంగారకుడికి 7,200 కిలోమీటర్ల దూరంలో, ఫోబోస్‌కు 4,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆరు ఫ్రేములను కలిపి, రంగు సరిచేసి రూపొందించిన ఆ చిత్రంలో పిక్సెల్‌కు 210 మీటర్ల స్పష్టత ఉంది. ఫోబోస్ మీది అన్నిటికన్నా పెద్ద గుంట స్టిక్నీ, దాంతోపాటు ష్క్లోవ్‌స్కీ, రోష్, గ్రిల్‌డ్రిగ్ అనే చిన్న గుంటలు అందులో కనిపించాయి. ఆసఫ్ హాల్ భార్య ఇంటిపేరే స్టిక్నీ.

డీమోస్ విషయంలో మంగళయాన్ కక్ష్య చేసిన మేలు ఇంకా స్పష్టం. డీమోస్ ఉపరితలానికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే మనిషి కుడి భుజం ఎప్పుడూ గర్భగుడి వైపే ఉన్నట్టు, డీమోస్ ఒక పక్క ఎప్పుడూ అంగారకుడి వైపే ఉంటుంది. గ్రహానికి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే నౌకలన్నీ డీమోస్‌కు లోపలి వైపు ఉన్నట్టే లెక్క. వాటికి ఆ ఒక్క పక్కే కనిపిస్తుంది. డీమోస్‌ను దాటి 77,000 కిలోమీటర్ల దాకా పోయే మంగళయాన్ దాన్ని బయటి వైపు నుంచి చూడగలిగింది, ఆ రెండో పక్కను ఫొటో తీసింది. ఎత్తైన కక్ష్యలోనే తిరిగే యూఏఈ నౌక హోప్ 2023 మార్చిలో డీమోస్‌కు 100 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి అదే పక్కను మరింత స్పష్టంగా చూపింది.

రాబోయే వలయం, ఉన్న వలయాలు

అంగారకుడికి ఇప్పుడు వలయాలు లేవు. ఫోబోస్ వాటిని తెచ్చిపెట్టవచ్చు. గ్రహం ఆకర్షణ వల్ల ఫోబోస్ కక్ష్య నూరేళ్లకు సుమారు 1.8 మీటర్ల చొప్పున కుంచించుకుపోతోంది. మరీ దగ్గరికి చేరాక దాని దగ్గరి పక్క మీద, దూరపు పక్క మీద పడే లాగుడులో తేడా పెరిగి ముక్కలు చెక్కలవుతుంది. మరో 2 కోట్ల నుంచి 4 కోట్ల ఏళ్లలో ఇది జరిగి, ఆ శకలాలు గ్రహం చుట్టూ వలయంగా పరుచుకుంటాయని 2015లో శాస్త్రవేత్తలు బెంజమిన్ బ్లాక్, తుషార్ మిట్టల్ లెక్కగట్టారు.

వలయాలున్న గ్రహం అంటే వెంటనే గుర్తొచ్చేది శని. దాని దగ్గరికి భారత నౌక ఏదీ ఇంతవరకు వెళ్లలేదు. 1979లో పయనీర్ 11, 1980, 1981ల్లో రెండు వాయేజర్లు దాన్ని దాటిపోతూ ఫొటోలు తీశాయి. 2004 నుంచి 2017 దాకా శని చుట్టూ తిరిగిన కాసిని ఒక్కటే అక్కడ నిలిచి చూసింది. నాలుగున్నర లక్షలకు పైగా ఫొటోలు పంపింది. శని దగ్గర ఎండ భూమి మీది ఎండలో తొంభయ్యో వంతే. సౌరఫలకాలు అక్కరకు రావు కనుక కాసిని ప్లుటోనియం వేడితో కరెంటు తయారుచేసుకుంది. దాని పెద్ద కెమెరా నాభ్యంతరం 2,000 మిల్లీమీటర్లు, మంగళయాన్ లెన్స్‌కు 19 రెట్లు. పది లక్షల కిలోమీటర్ల దూరం నుంచి కూడా పిక్సెల్‌కు 6 కిలోమీటర్ల స్పష్టత ఇస్తుంది. దాని సెన్సర్ మీద రంగు గళ్లు లేవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలను ఒకదాని తర్వాత ఒకటి తిప్పి మూడు ఫొటోలు తీసి, భూమి మీద కలిపేవారు. ఈలోగా చందమామ కదిలితే రంగులు పక్కకు జరిగేవి, వాటిని మళ్లీ సర్దాల్సి వచ్చేది.

ఇంతటి కెమెరాకు కూడా దృశ్యాన్ని నిర్ణయించింది కక్ష్యే. శని మధ్యరేఖ తలంలో తిరిగినప్పుడు వలయాలు పక్క నుంచి సన్నని గీతగా కనిపించేవి, చందమామలు దగ్గరయ్యేవి. వలయాలను పై నుంచి పళ్లెంలా చూడాలంటే కక్ష్యను వంచాలి. అందుకు సరిపడా ఇంధనం కాసినిలోనూ లేదు. పెద్ద చందమామ టైటాన్‌కు 127 సార్లు దగ్గరగా వెళ్లి, దాని ఆకర్షణతో కక్ష్యను కావలసినట్టు తిప్పుకుంది. 2006 సెప్టెంబరులో సూర్యుడు శని వెనుక దాగే చోటికి చేరినప్పుడు, ఎదురుగా చూస్తే కనిపించని పలుచని ధూళి వలయాలు వెనుక వెలుగులో మెరిశాయి. 2013 జులై 19న అదే అమరికలో దాదాపు 144 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి భూమిని కూడా చిన్న చుక్కగా తీసింది. మంగళయాన్ శ్రీహరికోట నుంచి బయలుదేరడానికి సుమారు మూడున్నర నెలల ముందు సంగతి అది.

ఎనిమిదేళ్ల తర్వాత

మంగళయాన్ ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నారు. రాకెట్‌తో కలిపి 450 కోట్ల రూపాయలు ఖర్చయిన ఆ నౌక దాదాపు ఎనిమిదేళ్లు పనిచేసింది. అయితే కక్ష్య ఇచ్చిన సౌకర్యాలతోపాటు ఒక చిక్కు కూడా ఉంది. దూరపు కొసన నౌక నెమ్మదిగా కదులుతుంది. అక్కడ అంగారకుడి నీడ అడ్డొస్తే గంటల తరబడి ఎండ ఉండదు. బ్యాటరీ తట్టుకోగలిగింది ఒక గంట 40 నిమిషాల చీకటినే. అలాంటి సుదీర్ఘ గ్రహణాన్ని తప్పించడానికి 2017 జనవరి 17న ఇంజన్లు మండించి కక్ష్యను జరిపారు. ఆ పనికి ఇంధనం మిగిలి ఉన్నన్నాళ్లు సాగింది. 2022 ఏప్రిల్‌లో వరుసగా గ్రహణాలు పట్టాయి, వాటిలో ఒకటి ఏడున్నర గంటలది. ఆ తర్వాత నౌకతో సంబంధాలు తెగిపోయాయి. ఇంధనం అయిపోయి ఉంటుందని, నౌకను తిరిగి పనిచేయించలేమని ఇస్రో అదే ఏడాది అక్టోబరులో ప్రకటించింది.

కెమెరా తీసిన ఫొటోలు పోలేదు. కక్ష్యలో తొలి ఏడాది పూర్తయిన సందర్భంగా 2015లో ఇస్రో వాటితో అంగారకుడి అట్లాస్ విడుదల చేసింది. 2016 సెప్టెంబరులో తొలి ఏడాది సమాచారాన్ని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. బైలాలులోని భారత అంతరిక్ష విజ్ఞాన సమాచార కేంద్రంలో అవి భద్రంగా ఉన్నాయి. నౌక ఎప్పుడు ఎంత ఎత్తున ఉందో తెలిసిన విద్యార్థి ఎవరైనా వాటిలోని గుంట వెడల్పునో, మేఘం పొడవునో సొంతంగా లెక్కగట్టవచ్చు. వెయ్యి కిలోమీటర్లకు 52 మీటర్లన్న ఒక్క సూత్రం అందుకు సరిపోతుంది.